వాడిపోయేది ఆకు, నష్టపోయేది ఎవరు?

తెల్లవారకముందే కోసిన పాలకూర కట్ట ఎండెక్కేసరికి వాడిపోతుంది. ఆకులో సుమారు 90 శాతం నీరే. కోశాక వేరు నుంచి నీరందదు, ఆకు మాత్రం ఆవిరి వదులుతూనే ఉంటుంది. ఇది శాస్త్రం. ఆ నష్టం ఎవరి నెత్తిన పడుతుందన్నది మాత్రం భూమి ప్రశ్న, కులం ప్రశ్న.

2011 జనగణన ప్రకారం దేశ జనాభాలో ఎస్సీలు 16.6 శాతం. 2015-16 వ్యవసాయ గణనలో వారి చేతిలో ఉన్న సాగుభూమి 9 శాతం లోపే. భూమిలేని కుటుంబానికి అందే పంట ఆకుకూర. కౌలుకు పది గుంటలు దొరికితే చాలు, నెల తిరిగేసరికి కోతకొస్తుంది.

దళారీ లేకుండా అమ్ముకోవడానికే 1999లో రైతుబజార్లు వచ్చాయి. కానీ అక్కడి గుర్తింపు కార్డుకు భూమి రికార్డు చూస్తారు. పట్టాలేని కౌలు మహిళ గేటు బయట గోనెసంచి పరుచుకుంటుంది, లేదంటే వ్యాపారికి గంపగుత్తగా ఇచ్చేస్తుంది. ఆకు వాడుతోందని ఆమెకు తెలుసు. ఆ సంగతి వ్యాపారికీ తెలుసు. ఇక బేరమెక్కడిది?

ప్రభుత్వ విధానాల్లోనూ ఆమె లేదు. మద్దతు ధర ప్రకటించే 22 పంటల్లో ఒక్క ఆకుకూరా కనిపించదు. 2018 నాటి 'ఆపరేషన్ గ్రీన్స్' పేరులో పచ్చదనం ఉన్నా, మొదలైంది టమాటా, ఉల్లి, బంగాళాదుంపలతోనే.

మిగిలిన గోంగూరను పచ్చడి పెట్టి అమ్ముకోమని సలహా ఇస్తారు. దళిత మహిళ వండిందని బడిలో మధ్యాహ్న భోజనం మాన్పించిన ఘటనలు చూసిన సమాజం మనది. ఆమె కోసిన పచ్చి ఆకుకు లేని అంటు, ఆమె కలిపిన పచ్చడికి వస్తుంది. అందుకే ఆమె పచ్చడి యజమాని కావడం కన్నా, ఇంకొకరి దగ్గర ఆకు తుంచే కూలీగా మిగలడమే ఎక్కువ.

దారులు లేక కాదు. ఇటుక, ఇసుక, నీళ్లతో కరెంటు లేకుండా నడిచే శీతల గదిని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ దశాబ్దాల కిందటే రూపొందించింది. పొడి ఎండల్లో అది ఆకును ఇంకొంతకాలం నిలుపుతుంది. కౌలుదారులకు గుర్తింపునిచ్చే చట్టం ఉమ్మడి రాష్ట్రంలో 2011లోనే వచ్చింది. ఉపప్రణాళికకు 2013లో చట్టబద్ధత దక్కింది. ఆ నిధులతో ఎస్సీ కాలనీల దగ్గర శీతల గదులు కట్టాలని, బజారు కార్డు పట్టాను కాక సాగును చూసి ఇవ్వాలని మనం అడగాలి.

మొదటి అడుగుగా మీ ఊరి రైతుబజారులో కౌలుదారులకు ఎన్ని కార్డులిచ్చారో, అందులో ఎస్సీలెందరో సమాచార హక్కు కింద అడగండి. ఆ లెక్క చేతికొస్తే, తప్పు ఆకుదా వ్యవస్థదా అన్న వాదన మన చేతిలో ఉంటుంది.