‘ఇప్పుడెంత తీసుకుంటున్నారు?’ అనే ప్రశ్నలో కులం

ప్రైవేటు కొలువుల్లో కులం ఎక్కడుందని అడిగేవారు సాధారణంగా ఇంటర్వ్యూ గది వైపు చూస్తారు. అక్కడ ఉన్నమాట నిజమే. కానీ ఎంపిక పూర్తయ్యాక హెచ్‌ఆర్ విభాగం నుంచి వచ్చే ఫోనులో వినిపించే ఒక చిన్న ప్రశ్న మన సామాజిక న్యాయ చర్చల్లోకి ఇంతవరకు సరిగా రాలేదు. ‘ప్రస్తుతం మీ సీటీసీ ఎంత?’ హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం మారే ప్రతి ఇంజనీరుకూ పరిచితమైన ప్రశ్న ఇది. నోటిమాటగా చెబితే చాలదు, పే స్లిప్పులు కూడా పంపాలి. ఆ అంకె మీద ఇరవయ్యో ముప్పయ్యో శాతం కలిపి కొత్త జీతం ఖరారు చేయడం ఆనవాయితీ. చేయబోయే పని విలువ ఎంతన్నది పక్కకు పోతుంది. అభ్యర్థి నిన్నటిదాకా ఎంతకు సర్దుకున్నారన్నదే కొలమానమవుతుంది.

దీని పర్యవసానం లెక్క వేస్తే గానీ బోధపడదు. ఒకే చదువు, ఒకే నైపుణ్యం ఉన్న ఇద్దరిలో ఒకరు ఏడాదికి మూడున్నర లక్షలతో, మరొకరు ఐదు లక్షలతో ఉద్యోగ జీవితం మొదలుపెట్టారనుకుందాం. ఇద్దరూ మూడుసార్లు కంపెనీ మారారు, ప్రతిసారీ ఇద్దరికీ సమానంగా 30 శాతమే పెరిగింది. మొదటివారి జీతం సుమారు 7 లక్షల 70 వేలకు, రెండోవారిది దాదాపు 11 లక్షలకు చేరుతుంది. లక్షన్నర తేడా మూడు లక్షల ముప్పై వేలకు చేరువైంది. ఇందులో ఏ మేనేజరూ ఎవరి కులమూ అడగలేదు, ఎవరినీ కించపరచలేదు. శాతాల లెక్క తన పని తాను చేసుకుపోయింది.

అసలు మొదటి మెట్టు దగ్గరే తేడా ఎందుకు వస్తుంది? బేరమాడాలంటే నోరు కన్నా ముందు నిలదొక్కుకునే శక్తి కావాలి. ‘ఈ జీతానికి నేను రాను’ అనగలిగేది మరో ఆరు నెలలు ఇంట్లో కూర్చున్నా గడిచేవారే. సంక్షేమ హాస్టల్లో చదివి, ఇంట్లో తొలి ఇంజనీరుగా బయటికొచ్చిన యువతికి ఆ ఆరు నెలలు ఎవరిస్తారు? ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు ప్రభుత్వం నుంచి రాలేదని కాలేజీ సర్టిఫికెట్లు ఆపేస్తే, అవి విడిపించుకోవడానికే అప్పు చేయాలి. తమ్ముడి చదువు, తండ్రి వైద్యం, ఊళ్లో వడ్డీ ఆమె తొలి జీతం కోసం ఎదురు చూస్తుంటాయి. క్యాంపస్‌కు వచ్చిన పెద్ద సర్వీసు కంపెనీ చూపే ప్యాకేజీకి, దానితోపాటు వచ్చే బాండుకు ఆమె సంతకం చేస్తుంది. అదే తరగతిలో, మేనమామ మరో కంపెనీలో డైరెక్టరుగా ఉన్న కుర్రవాడు ఆ ఆఫరు వదులుకుంటాడు. ఏ కంపెనీ ఎంతిస్తుందో, ఎవరిని అడగాలో అతనికి రాత్రి భోజనాల దగ్గరే తెలుస్తుంది. ఈ తేడాకు ప్రతిభ అని పేరు పెట్టడం మనకు అలవాటైపోయింది.

చదువు ఇప్పించినందుకు కొలువు చేయాలన్న ఒప్పందం అంబేడ్కర్‌కూ తప్పలేదు. పదేళ్లు సేవ చేస్తానన్న షరతుపై బరోడా సంస్థానం ఆయనను 1913లో కొలంబియాకు పంపింది. 1917లో ఉద్యోగంలో చేరడానికి వస్తే ఆ నగరంలో తలదాచుకోవడానికి ఇల్లు దొరకలేదు, పేరు మార్చుకుని దిగిన పార్సీ సత్రం నుంచీ తరిమేశారు. ఉద్యోగం ఉంది, అర్హత ఉంది, నిలవనిచ్చే చోటు లేదు.

ఈ నిలవనివ్వకపోవడం నేటి కార్పొరేట్ రంగంలో ఎలా ఉంటుందో పరిశోధకులు నమోదు చేశారు. సుఖదేవ్ థోరట్, పాల్ ఎటివెల్ ప్రైవేటు కంపెనీల ప్రకటనలకు సమాన అర్హతలతో, వేర్వేరు ఇంటిపేర్లతో దరఖాస్తులు పంపి చూశారు. పిలుపు వచ్చే అవకాశం ఆధిపత్య కులాల పేర్లకు ఒకటి అనుకుంటే దళిత పేర్లకు 0.67 మాత్రమేనని 2007లో ప్రకటించారు. అదే ఏడాది సురీందర్ జోధ్కా, క్యాథరిన్ న్యూమన్ మాట్లాడిన హెచ్‌ఆర్ మేనేజర్లు కులం చూడబోమంటూనే ‘కుటుంబ నేపథ్యం’ ముఖ్యమన్నారు. నాన్నగారేం చేస్తారన్న ప్రశ్నకు ‘కూలి’ అని చెప్పాక, జీతం దగ్గర ఎంత గట్టిగా అడగగలమో ఆ గదిలో కూర్చున్నవారికే తెలుసు.

కెరీర్ సలహాల పుస్తకాలు ధైర్యంగా అడగమంటాయి. అడగవద్దని ఎవరూ అనరు. చేతిలో రెండో ఆఫరు ఉంటే చెప్పాలి, మొత్తం ప్యాకేజీలో స్థిర వేతనం ఎంతో విడదీసి చూడాలి, ముందే మానేస్తే జాయినింగ్ బోనస్ తిరిగి కట్టాలా అన్నది కాగితం మీద చదవాలి. ఇవన్నీ మన విద్యార్థులకు నేర్పాల్సినవే. నిజానికి విద్యార్థి సంఘాలు తమ పూర్వ సభ్యుల జీతాల వివరాలు సేకరించి జూనియర్లకు అందిస్తే పది వ్యక్తిత్వ వికాస తరగతులకన్నా మేలు. అయితే ఒకరు అడిగితే ఆత్మవిశ్వాసం, మరొకరు అడిగితే అహంకారం అనిపించుకునే చోట సలహా ఒక్కటే సరిపోదు.

పైమెట్లలోనూ ఇదే కథ. దేశంలోని వెయ్యి అగ్రశ్రేణి కంపెనీల బోర్డుల్లో సుమారు 93 శాతం సభ్యులు అగ్రకులాలవారేనని, ఎస్సీ, ఎస్టీలు 3.5 శాతమేనని 2012లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. సముద్రం దాటినా నీడ వదలదు. సిస్కోలో పనిచేసిన ఒక దళిత ఇంజనీరు పట్ల వివక్ష చూపారంటూ కాలిఫోర్నియా ప్రభుత్వ విభాగం 2020లో దావా వేసింది. కంపెనీ ఆరోపణలను తోసిపుచ్చింది, ఇద్దరు మేనేజర్లపై కేసును ఆ విభాగమే 2023లో ఉపసంహరించుకుంది. అయినా అమెరికాలోని తెలుగువారి మధ్య ఈ ప్రస్తావన ఎందుకంత అసహనం రేపిందో ఆలోచించదగినది.

మన చట్టం ఏమంటోంది? 2019 నాటి వేతనాల కోడ్ లింగ భేదం ఆధారంగా జీతంలో, నియామకంలో వివక్షను నిషేధించింది. కులం ఊసు అందులో లేదు. రాజ్యాంగం 16వ అధికరణం ప్రభుత్వ కొలువుల గడప దాటదు. 2006లో ప్రైవేటు రిజర్వేషన్ల చర్చ వేడెక్కినప్పుడు పరిశ్రమ సంఘాలు స్వచ్ఛంద ప్రవర్తనా నియమావళితో గండం గట్టెక్కాయి. మరోపక్క కాలిఫోర్నియాలో 2018 నుంచి అభ్యర్థి పాత జీతం అడగడమే నిషిద్ధం. పాత జీతం అడగరాదు, ఇవ్వబోయే వేతన శ్రేణిని ముందే చెప్పాలి అని యూరోపియన్ యూనియన్ 2023లో ఆదేశం తెచ్చింది. ఈ నిబంధనలు ప్రధానంగా స్త్రీల వేతనాల కోసం పుట్టినవి. మన దగ్గర వాటి అవసరం స్త్రీలకు ఎంతో కులానికీ అంతే.

ప్రైవేటు రిజర్వేషన్ల డిమాండును దీని కోసం వదులుకోనక్కర్లేదు. కానీ అది నెగ్గేదాకా చేయగలిగినవి చాలా ఉన్నాయి. మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు స్త్రీ పురుషుల మధ్యస్థ వేతనాలను ఏటా వెల్లడించాలని సెబీ ఇప్పటికే నిర్దేశించింది. ఆ పట్టికలో సామాజిక వర్గం అనే గడి చేర్చడానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. ఉద్యోగుల కులం మాకు తెలియదని కంపెనీలు అంటాయి. ఇష్టమైనవారే పేరు లేకుండా నమోదు చేసుకునే పద్ధతి ఉన్నప్పుడు ఆ సాకు నిలవదు. జనగణనలో ఇంటింటి కులం లెక్కించడానికి కేంద్రమే ఒప్పుకున్న తర్వాత కంపెనీ జీతాల పట్టీ మాత్రం ఎందుకు మినహాయింపు?

రాష్ట్రాల చేతిలోనూ పగ్గాలున్నాయి. విశాఖపట్నంలో ఒక ఐటీ దిగ్గజానికి 21.16 ఎకరాలను 99 పైసల నామమాత్రపు ధరకు ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం 2025 ఏప్రిల్‌లో నిర్ణయించింది. అలాంటి ప్రతి కేటాయింపు ఒప్పందంలో ఉద్యోగాల సంఖ్య ఎలాగూ రాస్తారు. పక్కనే మరో రెండు షరతులు రాయవచ్చు: ప్రకటించే ప్రతి ఉద్యోగానికీ వేతన శ్రేణి ముందే తెలపాలి, పాత పే స్లిప్పు అడగకూడదు.