సంఘమునకు రివాల్వరు కొనుట గూర్చి

ఎరువుల అమ్మకపు రొక్కము పేరుకొను కాలమునను, తాకట్టు బంగారము పెట్టెలో హెచ్చిన కాలమునను, సంఘ సభ్యులు కొందఱు మమ్మొక ప్రశ్న యడుగుచుందురు. గిడ్డంగి కావలివానికిని, బ్యాంకునకు సొమ్ము మోయు గుమాస్తాకును ఏ చేతితుపాకి కొనిపెట్టుట మేలు? విత్తనములు, ఎరువులు చూపుచు ఊరూర తిరుగు మావంటివారు ఆయుధముల మాట యెత్తుట కొందఱికి వింతగా దోచవచ్చును. కాని కొనునది సభ్యుల సొమ్ముతో. అది పేలినను పేలకున్నను పోవునది మన ఊరి మనుష్యుని ప్రాణము. కావున మా యభిప్రాయము దాపరికము లేక చెప్పెదము.

ముందుగా పైరు మాట. అడవిపందులకై రివాల్వరు కోరు రైతులు కలరు. అది పందిని నిలుపు పరికరము కాదు. పొట్టి గొట్టము గల ఆయుధముతో చీకటిలో పరుగిడు జంతువును కొట్టుట ఆరితేరినవానికిని కష్టము. గాయపడిన పంది మీదికే వచ్చును. 1959 సంవత్సరపు ఆయుధముల చట్టము సైతము పైరు రక్షణకు మూతినుండి మందు దట్టించు తుపాకినే పేర్కొన్నది. అది చాలదని అధికారికి తోచినచో 20 అంగుళములకు తక్కువ కాని గొట్టము గల నున్నబోరు తుపాకి నీయవచ్చునన్నది. తుపాకి లైసెన్సు పందిని చంపుటకు అనుమతి కాదు. 1972 వన్యప్రాణి చట్టము క్రింద దానికి వేఱుగా అనుజ్ఞ పొందవలయును. అయినను చేని చుట్టు కరెంటు తీగ లాగి పొరుగురైతును చంపుకొనుటకంటె ఆ దారి వేయిరెట్లు నయము.

ఇక సంఘపు కావలి. ఒకచోట నిలిచి గిడ్డంగి కాచువానికి పన్నెండు బోరు ఒంటిగొట్టపు తుపాకి చాలునని మా దృఢాభిప్రాయము. అది దూరమునుండియే కనబడును. దొంగ దానిని చూచి తొలగుటయే మనకు కావలసినది. ఆత్మరక్షణకై ఇట్టి తుపాకి కోరువానికి, చట్టరీత్యా అభ్యంతరము లేనిచో, లైసెన్సు ఈయవలయుననియే చట్టములో నున్నది. చేతితుపాకికి అట్లు కాదు. తగిన కారణము కలదని అధికారిని ఒప్పింపవలయును. సొమ్ము పట్టుకొని మోటారుసైకిలుపై పోవు గుమాస్తా ఒక్కనికి మాత్రమే చేతితుపాకి సమంజసమని మాకు తోచుచున్నది.

అట్టివానికి ఏది? అంగడివాడు మొదట అందము, పిమ్మట తేలిక చూపును. మనము చూడవలసినది నమ్మకము. మొలక చూడక విత్తనము కొనని రైతునకు దీనిని విడమరచి చెప్పనక్కఱలేదు. 1911 మార్చిలో అమెరికా సైన్యమువారు జాన్ బ్రౌనింగు కల్పించిన కోల్టు పిస్తోలును పరీక్షించి, రెండు దినములలో 6,000 తూటాలు పేల్పించిరి. కాలిపోవునంత వేడెక్కినప్పుడు నీట ముంచి మరల పేల్చిరి. ఒక్క తూటాయు చిక్కుకొనలేదు. పోటీకి వచ్చిన పిస్తోలు పలుమారులు మొరాయించినది. ఆ నెలలోనే కోల్టును స్వీకరించిరి. పరీక్షయనిన నట్లుండవలయును.

ఇంగ్లీషు సైన్యమువారి అనుభవము వేఱొక సంగతి తెలుపును. మొదటి మహాయుద్ధములో వారు .455 బోరు వెబ్లీ రివాల్వరు వాడిరి. అది బలమైనదే, కాని దాని తన్ను క్రొత్తవాని చేతిని బెదరగొట్టెడిది. తక్కువ కాలములో నేర్పుటకు వీలగునని 1932లో .38 బోరు ఎన్‌ఫీల్డును తీసికొనిరి. ఆయుధముకంటె దానిని పట్టు చేతిని ముందు చూచిరన్నమాట.

మన దేశములో 9 మిల్లీమీటర్ల పిస్తోలు నిషిద్ధ బోరులలోనిది. సామాన్యునికి చిక్కునది ఎక్కువగా.32 బోరు. అందులో పిస్తోలు కంటె రివాల్వరునే మేము కోరుదుము. పిస్తోలులో తూటా అడ్డుపడినచో రెండు చేతులతో వెనుకకు లాగి తొలగింపవలయును. భయములో నున్న గుమాస్తాకు అది తోచదు. రివాల్వరులో తూటా పేలనిచో మీట మరల నొక్కినంతనే చక్రము తిరిగి రెండవ గది ఎదుటికి వచ్చును. 2014లో కాన్పూరు కర్మాగారమువారు స్త్రీల రక్షణకని 500 గ్రాముల ‘నిర్భీక్’ను వెలువరించిరి, అప్పటి వెల లక్షా ఇరువదిరెండు వేలు దాటినది. సంచిలో మోయుటకు సుఖమే. కాని తేలికయగు కొలది తన్ను హెచ్చును. రోజూ నడుమున కట్టుకొని తిరుగువానికి కొంత బరువైన ఉక్కుదే మేలు. పాతది కొనువారు చక్రమును వ్రేళ్లతో కదల్చి చూడవలయును. గది గొట్టమునకు సరిగా ఎదురు నిలువనిచో సీసము ప్రక్కలకు చిమ్మును. చక్రము ముందర వ్రేలు పెట్టరాదని క్రొత్తవానికి మొదటి దినముననే చెప్పవలయును; అచ్చటి సందునుండి మంట వెడలును.

కొన్నది వాడక పాడగుట మన ఊళ్లలో పెద్ద జబ్బు. దసరానాడు ఆయుధపూజకు దీసి, పసుపు కుంకుమలు పూసి, మరల పెట్టెలో పెట్టు తుపాకులను చూచితిమి. పూజ చేయువారిని మేము తప్పు పట్టము; పూజయైన పిమ్మట తుడిచి నూనె రాయమని మాత్రము కోరుదుము. ఏండ్ల తరబడి చెమ్మలోనున్న తూటాను నమ్ముకొని బ్యాంకుదారి పట్టరాదు.

2016 నియమముల ప్రకారము లైసెన్సు కోరువాడు భద్రతా శిక్షణ పొందవలయును. అది అక్షరాభ్యాసము మాత్రమే. తదుపరి నెలకొకమారైనను ఖాళీ ఆయుధముతో, గోడ వైపు గుఱిపెట్టి, తూటాలు వేఱొక గదిలో నుంచి, మీట నొక్కుట అభ్యసింపవలయును. ఏడాదిలో కొన్ని దినములైన అనుమతి గల గుఱిశాలలో నిజముగా పేల్చవలయును. ఇంట పసివారుండిన, ఆయుధమును తూటాలను వేఱువేఱు తాళములలో నుంచుట తప్పదు. లైసెన్సులో ఎవని పేరున్నదో వాడు తప్ప అన్యుడు, అధ్యక్షుని తమ్ముడైనను, దానిని ముట్టరాదు. పెండ్లి ఊరేగింపులో పేల్చి సరదా తీర్చుకొనువారికి 2019 సవరణచట్టము రెండేండ్ల వఱకు చెఱ పెట్టినది.

వచ్చు సర్వసభ్య సమావేశమున రివాల్వరు కొను తీర్మానము తెచ్చు సంఘములు దాని వెలతోపాటు శిక్షణకును, అభ్యాసపు తూటాలకును, ఇనుప పెట్టెకును ఏటేట అగు వ్యయమును ఆ తీర్మానములోనే చూపవలయునని కోరుచున్నాము. ఆ పద్దు లేని తీర్మానమునకు సభ్యులు చేయి యెత్తకుండుటయే మంచిది. ఆ సొమ్ముతో గిడ్డంగికి గట్టి తలుపును, రెండు దీపములును, గుమాస్తాకు తోడుగా ఒక మనిషిని ఏర్పఱచవచ్చును.