గరగర ఒకటి, కీచు ఒకటి

పోయిన నెల మిక్సీ మోటారు గురించి రాస్తే ఇద్దరు పిల్లలు నన్ను గుడి దగ్గర ఆపి, "తాతా, కంప్యూటర్ గురించి కూడ రాయి" అన్నారు. నాకు కంప్యూటర్ నడపరాదు. నేను చదివింది నాలుగో తరగతి, అదీ మున్సిపాలిటీ తెలుగు బడిలో. కానీ మెషీను చప్పుడు చేస్తే అది ఎక్కడి నుంచి వస్తుందో వెతకడం బతుకంతా చేసిన పని. ఈ సోలాపూర్‌లోనే 22 ఏండ్లు మిల్లు మగ్గాల ఖాతాలో ఫిట్టరుగా ఉన్నాను. మిల్లు మూతపడ్డాక 14 ఏండ్లు టవళ్ల కార్ఖానాలో చేశాను. అందుకని ఈ ఎండాకాలం మా ఇంట్లో జరిగిన సంగతి రాస్తున్నా.

మా మనవడు డిప్లొమా చదువుతున్నాడు. రెండు సెలవులు టవళ్ల ప్యాకింగ్‌కు పోయి కూడబెట్టిన డబ్బుతో ఒక సెకండ్‌హ్యాండ్ గేమింగ్ కంప్యూటర్ కొన్నాడు. ఏడాది బాగానే నడిచింది. ఏప్రిల్‌లో ఒక రాత్రి నా దగ్గరకు వచ్చి, "తాతా, ఎస్‌ఎంపీఎస్ పోయింది, కొత్తది కొనాలె" అన్నాడు.

"ఎంత?"

"ఐదు, ఐదున్నర వేలు."

మా కోడలు బీడీల చాట ముందు కూర్చొని ఉంది. ఏమీ అనలేదు గానీ చేతులు ఆగినయి.

ఎస్‌ఎంపీఎస్ అంటే తెలియనివాళ్లకు చెప్తా. గోడ సాకెట్ నుంచి వచ్చే 230 వోల్టుల కరెంటును కంప్యూటర్‌కు కావలసిన 12, 5, 3.3 వోల్టులుగా మార్చే ఇనుప డబ్బా. దాంట్లోనే చల్లగా ఉంచడానికి ఒక ఫ్యాన్ ఉంటుంది. గేమ్ ఆడేటప్పుడు కరెంటు ఎక్కువ లాగుతుంది, డబ్బా వేడెక్కుతుంది, ఫ్యాన్ జోరుగా తిరుగుతుంది.

"పోయిందని ఎట్ల తెలిసింది?" అన్నాను.

"చప్పుడు చేస్తోంది. రెండు చప్పుళ్లు తాతా. గరగరమని ఒకటి, సన్నగ కీచుమని ఒకటి."

పోయి విన్నాను. గరగర నాకూ వినపడ్డది. కీచు వినపడలేదు. "కీచు లేదు గీచు లేదు, గరగర సంగతి చూద్దాం పా" అన్నాను. ఆ మాట తర్వాత గుర్తొచ్చింది నాకు.

మిల్లులో మా జాబర్ చెప్పేవాడు: చప్పుడు విన్నాక పాన చేతికి తీసుకోవద్దు, ముందు ఎప్పుడు వస్తుందో అడగాలె. అదే చేశాము. కంప్యూటర్ పెట్టగానే రెండు నిమిషాలు గరగర. తర్వాత తగ్గుతుంది. గేమ్ మొదలుపెట్టిన పది నిమిషాలకు మళ్లీ మొదలు. అంటే తిరిగే వస్తువు ఏదో ఉంది. కానీ ఆ పెట్టెలో తిరిగేవి ఒకటి కాదు. ముందు రెండు ఫ్యాన్లు, వెనక ఒకటి, ప్రాసెసర్ మీద ఒకటి, గ్రాఫిక్స్ కార్డుకు రెండు, ఎస్‌ఎంపీఎస్‌లో ఒకటి. ఏడింట్లో ఏది?

మగ్గం బేరింగ్ చూడాలంటే మేం పొడుగు స్క్రూడ్రైవర్ కొన బేరింగ్ మీద, పిడి చెవికి ఆనించి వినేవాళ్లం. నడిచే కంప్యూటర్‌లో ఇనుము పెట్టకూడదు. ఇంట్లో నూలు చుట్టిన ఖాళీ కాగితం కోను ఉంది. మన ఇండ్లల్ల దానికి కరువా? సన్న మూతి చెవి దగ్గర, వెడల్పు మూతి ఫ్యాన్ వైపు పెట్టి ఒక్కొక్కటి విన్నాను. కింద మూల దగ్గరకు రాగానే గరగర చెవి నిండా వచ్చింది. అక్కడ ఉన్నది ఎస్‌ఎంపీఎస్.

అయినా ఒక్కసారికి నమ్మలేదు. కరెంటు తీసి, పెట్టె ఫ్యాన్లలో ఒకదాని వైరు ఊడదీసి, మళ్లీ పెట్టి చూశాము. అట్లా మూడూ అయినయి. గరగర పోలేదు. ప్రాసెసర్ ఫ్యాన్ మాత్రం ముట్టుకోలేదు, అది తిరగకుంటే ప్రాసెసర్ వేడెక్కుతుంది. ఏదైనా వైరు రెక్కకు తగులుతుందేమో అనీ చూశాము. అట్లా తగిలితే టకటకటక అని లెక్కపెట్టినట్టు వస్తుంది, గరగర రాదు.

తర్వాత పెట్టెను పక్కకు వంచి అడుగు చూస్తే నవ్వొచ్చింది. జాలీ కనపడలేదు, తెల్లటి దుప్పటి పరిచినట్టు దూది. మా ఇంటి కింద పక్కవాళ్ల నాలుగు టవల్ మగ్గాలు ఆడతాయి. ఆ లింట్ మెట్లెక్కి వచ్చి నేల మీద ఉంటుంది. ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్ గాలిని నేల దగ్గర నుంచే పీలుస్తుంది. గాలి ఆడక డబ్బా వేడెక్కింది, ఫ్యాన్ మరింత జోరుగా తిరిగింది, బేరింగ్ తొందరగా అరిగింది. ప్లగ్గు పీకి జాలీ బయటకు తీసి కడిగి ఆరబెట్టాము. చప్పుడు సగం తగ్గింది. కానీ పొద్దున పెట్టగానే వచ్చే గరగర మాత్రం అట్లనే ఉంది. నూనె ఎండిన బేరింగ్ లక్షణం అది, వేడెక్కితే తగ్గుతుంది.

మనవడు స్క్రూడ్రైవర్ తెచ్చాడు. "డబ్బా విప్పి రెండు చుక్కలు నూనె వేస్తే అయిపోతది, వీడియోలో చూసిన" అన్నాడు. చెయ్యి పట్టుకొని ఆపాను. బిడ్డలారా, ఈ ఒక్క మాట గట్టిగా చెప్తున్నా. ఎస్‌ఎంపీఎస్ డబ్బా ఇంట్లో విప్పొద్దు. దాంట్లో పెద్ద కెపాసిటర్ ఉంటుంది. ప్లగ్గు పీకినా 300 దాటిన వోల్టులు దాంట్లో కొంతసేపు నిలిచి ఉండొచ్చు. కరెంటు తీశాం గదా అని చెయ్యి పెడితే కొడుతుంది. మిల్లులో కరెంటు పనివాళ్లు మోటారు ప్యానెల్ ముట్టుకునే ముందు ఎందుకు ఆగేవాళ్లో నేను కండ్లారా చూసినవాణ్ణి.

ఇంకొకటి, దాని మరలకు సీలు అంటించి ఉంది. సీలు చింపితే గ్యారంటీ పోతుంది. "అమ్మినాయన బిల్లు ఇచ్చిండా?" అని అడిగితే, అట్టపెట్టె అడుగున దొరికింది. గ్యారంటీ 5 ఏండ్లు, అయినవి 3 ఏండ్లే! సర్వీసు సెంటర్‌కు తీసుకుపోయాడు. 12 రోజులకు మార్చి ఇంకొకటి ఇచ్చారు. ఖర్చు ఆటో కిరాయి మాత్రమే. మా కోడలు ఆ రోజు టీలో చక్కెర ఎక్కువ వేసింది.

ఇక్కడితో అయిపోతే నేను ఈ నెల మీసం మెలేసేవాణ్ణి. కొత్త డబ్బా బిగించిన రాత్రి మనవడు మెల్లగా అన్నాడు, "తాతా, గరగర పోయింది. కీచు ఉన్నది."

కోను పెట్టుకొని అంతా వెతికాను. ఏమీ లేదు. "నీ భ్రమ" అన్నాను. వాడి మొహం చిన్నబోయింది. మా కోడలు అప్పుడు చాట పక్కకు పెట్టి వచ్చి, "లేదు మామా, ఉన్నది. పిల్ల గూడ చెవులు మూసుకుంటది" అన్నది.

చిన్న మనవరాలికి ఆరేండ్లు. దాన్ని గోడ వైపు తిప్పి కూర్చోబెట్టి, చప్పుడు వస్తే వేలు ఎత్తు అన్నాము. మనవడు గేమ్ మెనూ తెరుస్తాడు, మూస్తాడు. తెరిచిన ప్రతిసారీ పిల్ల వేలు లేచింది. మూస్తే దిగింది. పదిసార్లకు పదిసార్లు. నేను పక్కనే కోను చెవికి పెట్టుకొని నిలబడ్డాను. నాకు నిశ్శబ్దం.

ఆ కీచు ఏమిటో మనవడే చెప్పాడు. కార్డులో, ఎస్‌ఎంపీఎస్‌లో రాగితీగ చుట్టిన కాయిల్స్ ఉంటాయి. కరెంటు జోరుగా మారుతుంటే అవి వణుకుతాయి, సన్నగా కూస్తాయి. వస్తువు పాడైనట్టు కాదు. ఎస్‌ఎంపీఎస్ మార్చినా కూత అట్లనే ఉంది కాబట్టి అది గ్రాఫిక్స్ కార్డుదే. మెనూలో బొమ్మ కదలకున్నా కార్డు సెకనుకు వందల ఫ్రేములు గీస్తూ ఉంటుందట. వాడు దాన్ని 60కి కట్టేశాడు. పిల్ల వేలు లేవలేదు. పైసా ఖర్చు లేదు.

మర్నాడు చెవుల డాక్టరు దగ్గరకు పోయాను. చెవులకు డబ్బాలు పెట్టి, చప్పుడు వినిపిస్తే బటన్ నొక్కమన్నారు. కాగితం మీద గీత కొంతదూరం బాగానే పోయి, సన్న శబ్దాల దగ్గర బావిలో పడ్డట్టు పడింది. "ఏం పని చేసేవాళ్లు?" అని అడిగారు. మగ్గాల ఖాతా అన్నాను. తల ఊపారు. పోయింది తిరిగి రాదన్నారు. కొంత వయసుది, కొంత మగ్గాలది.

మగ్గాల ఖాతాలో మేం పెదవులు చూసి మాట్లాడుకునేవాళ్లం. చెవిలో దూది పెట్టుకుంటే చాలనుకునేవాళ్లం. 8 గంటల పనికి 90 డెసిబెల్స్ దాటొద్దని నియమం ఉండేదనీ, ఫ్యాక్టరీల చట్టం రోగాల పట్టికలో చప్పుడు వల్ల వచ్చే చెవుడు కూడా ఉండేదనీ నాకు ఇప్పుడు తెలిసింది. అప్పుడు ఎవరూ చెప్పలేదు, మేం అడగలేదు. గరగరను పట్టిన చెవి, పక్కనే ఉన్న కీచును వినలేదు. వినలేదని ఊరుకోక, లేనే లేదని పిల్లవాణ్ణి అబద్ధాలవాణ్ణి చేసింది.

ఇప్పుడు కార్ఖానాల్లో పనిచేసే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నా మాట. దూది చాలదు. చెవిలో పెట్టుకునే ప్లగ్గులు మెడికల్ షాపులో దొరుకుతాయి, షేఠ్‌ను అడగండి, ఇవ్వకుంటే మీరే కొనుక్కోండి. ఏడాదికి ఒకసారి చెవులు చూపించుకోండి. ఇంట్లో పిల్లలు, "చప్పుడు వస్తోంది" అంటే, మీకు వినపడకున్నా ఒకసారి గోడ వైపు తిప్పి కూర్చోబెట్టి వేలు ఎత్తమనండి.

మనవడు నన్ను ఏమీ అనలేదు. ఆదివారం జాలీ వాడే కడుగుతున్నాడు. కోను నా దగ్గర పెట్టుకున్నా. వచ్చే నెల కూలర్ పంపు గురించి రాస్తా.