మనల్ని మనం ఏమని పిలుచుకుంటున్నాం?

ప్రతి మనిషికీ తన గురించి తనకొక అభిప్రాయం ఉంటుంది. ‘నాకు లెక్కలు రావు’, ‘నలుగురిలో నోరు విప్పలేను’, ‘నాకు కోపం ఎక్కువ, అది మా వంశంలోనే ఉంది’, ‘మా ఇంట్లో ఎవరికీ పెద్ద చదువులు అబ్బవు’. వీటిలో కొన్ని పైకి అనే మాటలు, మరెన్నో లోలోపల అనుకునేవి. మనోవిజ్ఞానవేత్తలు దీన్ని ఆత్మభావన అంటారు. శక్తి లేక ఆగిపోయేవారి కంటే, తమ శక్తి ఇంతేనని ముందే నిర్ణయించుకుని ఆగిపోయేవారే మనకు ఎక్కువగా కనిపిస్తారు.

ఈ భావన తనకు తానే సాక్ష్యం సృష్టించుకుంటుంది. లెక్కలు రావని నమ్మిన పిల్లవాడు ఆ పుస్తకాన్ని అందరికంటే ఆలస్యంగా తెరుస్తాడు, అందరికంటే ముందుగా మూస్తాడు. పరీక్షలో మార్కులు తగ్గుతాయి. ‘నేను ముందే చెప్పాను కదా!’ అంటాడు. కోపం తన స్వభావమని నమ్మిన తండ్రి దాన్ని అదుపు చేసుకోవటానికి ప్రయత్నించడు. మార్చలేనిదని తేల్చుకున్న దాని కోసం శ్రమించేదెవరు?

సికింద్రాబాద్‌లోని లాలాగూడనే తీసుకుందాం. నిజాం కాలంలో, 1893లో ఇక్కడ రైల్వే కార్ఖానా వెలసింది. తాత ఫిట్టరు, తండ్రి వెల్డరు, మనుమడు అప్రెంటిస్. ఇలా తరతరాలుగా ఎన్నో కుటుంబాలు దాని నీడన బ్రతికాయి. చేతిపనితో సంపాదించిన ఆ హలాల్ జీవనోపాధి ఎంతో గౌరవప్రదమైనది. అయితే అలాంటి ఇళ్ళలో ఒక్కోసారి మరో మాట కూడా పుడుతుంది: ‘మనం పనిముట్ల వాళ్ళం, పుస్తకాల వాళ్ళం కాదు.’ ఒకప్పుడు ఈ మాట వల్ల నష్టం అంతగా కనిపించి ఉండకపోవచ్చు. నేడు అదే కార్ఖానాలో ఉద్యోగం కావాలన్నా లక్షలాది మందితో పోటీపడి పరీక్ష రాయాలి. అంటే ఆ మాట కొత్త ద్వారాన్నే కాదు, తాత నడిచిన పాత ద్వారాన్ని కూడా మూసివేస్తోంది. పదో తరగతి తప్పిన కుర్రవాణ్ణి మళ్ళీ పరీక్ష రాయించకుండా పనిలో పెట్టేటప్పుడు, ఇంటర్ పూర్తయిన అమ్మాయి పుస్తకాలను అటక మీదికి ఎక్కించేటప్పుడు, పేదరికంతోపాటు ఈ మాట కూడా నిర్ణయంలో పాలుపంచుకుంటుంది.

మరి ఈ అభిప్రాయం పిల్లల మనసులోకి ఎలా చేరుతోంది? వారు దాన్ని పుట్టుకతో తెచ్చుకోరు. ముందుగా ఇంట్లోనే వింటారు. నికమ్మా, బుద్దూ, కామ్‌చోర్, మొద్దు. అమ్మీ విసుగులో అన్నది, అబ్బా అలసటలో అన్నది, చుట్టాల ముందు నవ్వులాటకు అన్నది. అన్నవారు మరుక్షణమే మరిచిపోతారు. విన్న పసిమనసు మాత్రం దాన్ని తన పేరుగా స్వీకరిస్తుంది.

దివ్య ఖుర్ఆన్ ఈ విషయాన్ని తేలికగా తీసుకోలేదు. అల్ హుజురాత్ సూరా (49) 11వ ఆయత్‌లో పరిహాసాన్ని, ఎత్తిపొడుపును, చెడ్డ పేర్లతో పిలవటాన్ని అల్లాహ్ వారించాడు. దైవప్రవక్త (సఅసం) చెడు అర్థమిచ్చే పేర్లను మార్చేవారు. ‘అవిధేయురాలు’ అనే అర్థం వచ్చే ఆసియా అన్న పేరు గల ఒక మహిళకు ‘జమీలా’ అని పేరు పెట్టారు. మరో సంఘటన మరింత ఆలోచింపజేస్తుంది. హజ్న్ అనే వ్యక్తి ఆయన (సఅసం) సన్నిధికి వచ్చారు. ఆ పేరుకు కరకు నేల, కాఠిన్యం అని అర్థం. ప్రవక్త (సఅసం) ఆయనను ‘సహ్ల్’, అంటే మృదువైనవాడు అన్నారు. తండ్రి పెట్టిన పేరు మార్చుకోనని ఆయన బదులిచ్చారు. ఆనాటి నుంచి తమ కుటుంబంలో ఆ కరకుదనం అలాగే నిలిచిపోయిందని ఆయన మనుమడు, మదీనా పండితుడు సయీద్ బిన్ ముసయ్యిబ్ (రహ్మలై) చెప్పిన మాట బుఖారీ గ్రంథంలో నమోదై ఉంది. మారే అవకాశం గుమ్మం ముందుకు వచ్చినా, పాత పేరును వదులుకోవటం మనిషికి ఎంత కష్టమో చూడండి.

అయితే పేరు మార్చినంత మాత్రాన మనిషి మారతాడా? ‘నేను గొప్పవాణ్ణి, నేను సాధిస్తాను’ అని రోజూ అద్దం ముందు వల్లించుకోమని కొందరు సలహా ఇస్తుంటారు. కెనడాలో జోన్ వుడ్, ఆమె సహచరులు 2009లో ప్రచురించిన పరిశోధనలో, తమపట్ల తమకు చిన్నచూపు ఉన్నవారు ఇలాంటి పొగడ్తను వల్లిస్తే వారి మనఃస్థితి మరింత దిగజారినట్లు తేలింది. నోరు ఒకటి పలుకుతుంటే మనసు దాన్ని ఖండిస్తూ ఉంటుంది. మనసు ఒప్పుకోవాలంటే దానికి సాక్ష్యం కావాలి.

ఆ సాక్ష్యం ఎక్కడ దొరుకుతుందో ఆల్బర్ట్ బందూరా అనే మనోవిజ్ఞానవేత్త 1977లో వివరించారు. అన్నిటికంటే బలమైనది స్వయంగా ఒక పని చేసి చూసిన అనుభవం. ఆ తరువాత, తనలాంటి మరొకరు అదే పని సాధించటం చూడటం. నమ్మదగినవారి ప్రోత్సాహం, మనసులోని ఆందోళన తగ్గటం కూడా తోడ్పడతాయి.

మన తెలంగాణలోనే దీనికి ఒక నిదర్శనముంది. సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులను లోకం ‘హాస్టలు పిల్లలు’ అని చిన్నచూపు చూసేది. కార్యదర్శిగా వచ్చిన ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ వారికి ‘స్వేరోలు’ అనే కొత్త పేరునిచ్చారు. తాము ఎవరికంటే తక్కువ కాదని ఆ పిల్లలు ప్రతిజ్ఞ చేసేవారు. కానీ అక్కడితో ఆగలేదు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన వ్యవసాయ కూలీల బిడ్డ మాలావత్ పూర్ణ ముందుగా భువనగిరి గుట్ట ఎక్కటం నేర్చుకుంది. తరువాత డార్జిలింగ్‌లో, లద్దాఖ్‌లో శిక్షణ పొందింది. 2014 మే 25న, 13 ఏళ్ళ 11 నెలల వయసులో, ఖమ్మం జిల్లా విద్యార్థి ఆనంద్ కుమార్‌తో కలిసి ఎవరెస్టు శిఖరాన్ని అధిరోహించింది. కొత్త పేరు ఆమెకు తలుపు చూపింది, భువనగిరి గుట్ట తొలి సాక్ష్యమిచ్చింది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పూర్ణకు బడి ఉంది, గురువు ఉన్నారు, తాడు పట్టుకున్నవారు ఉన్నారు. అవకాశమే లేనివారితో ‘నీ ఆలోచన మార్చుకో, అంతా మారిపోతుంది’ అనటం న్యాయం కాదు. అందుకే అందుబాటులో ఉన్న అవకాశాలను తెలుసుకోవటం, పిల్లల్ని వాటి దాకా నడిపించటం పెద్దల బాధ్యత. 2016లో 71 పాఠశాలలతో మొదలైన తెలంగాణ మైనారిటీ గురుకులాలు తరువాత రెండు వందలు దాటాయి. మన పిల్లలు వాటి గడప తొక్కకపోతే ఆ లోపం ఎవరిది?

ఇంట్లో చేయవలసింది కూడా ఉంది. పిల్లలకు మోయగలిగిన బాధ్యత అప్పగించాలి. ఇరవై ఏళ్ళ లోపు యువకుడైన హజ్రత్ ఉసామా బిన్ జైద్ (రజి)ను దైవప్రవక్త (సఅసం) సేనానిగా నియమించినప్పుడు కొందరు సణిగారు. ఆయన (సఅసం) నిర్ణయం మార్చుకోలేదు, ఉసామా అందుకు అర్హుడని అందరి ముందూ ప్రకటించారు. మన అబ్బాయికి ఇంటి నెల ఖర్చుల లెక్క అప్పగించవచ్చు. నలుగురిలో మాట్లాడలేని అమ్మాయిని బ్యాంకు పనికి వెంట తీసుకెళ్ళి, అడగవలసింది ఆమెనే అడగనివ్వవచ్చు. తప్పు జరిగితే ‘నువ్వింతే’ అనకుండా ‘ఇక్కడ పొరపాటైంది, సరిచేద్దాం’ అందాం. మొదటి మాట మనిషి మీద తీర్పు, రెండవది పని మీద వ్యాఖ్య.

పెద్దలు తమను తాము కూడా తరచి చూసుకోవాలి. లాలాగూడ కార్ఖానాకు రైలు పెట్టెలు నిర్ణీత గడువు ప్రకారం మరమ్మతుకు వస్తాయి. పెట్టెను చక్రాల చట్రం మీది నుంచి పైకెత్తి, చక్రాలు, స్ప్రింగులు, బ్రేకులు పరీక్షించి, అరిగినవి మార్చి, మళ్ళీ రావలసిన తేదీ దాని మీదే రాసి పంపుతారు. రంగు వేసి పంపితే సరిపోదని అక్కడి పనివారికి బాగా తెలుసు. లెక్క అడగబడక ముందే మీ లెక్క మీరు చూసుకోండన్న హజ్రత్ ఉమర్ (రజి) హితబోధ సారం కూడా ఇదే. నెలకొకసారైనా ఇషా నమాజు తరువాత కాసేపు కూర్చుని, నా గురించి నేను నమ్ముతున్న మాటల్లో ఏది నిజం, ఏది ఎవరో అంటించిన పేరు అని వేరుచేసుకుందాం.

ఇలా చేయటం అహంకారమవుతుందేమోనని కొందరు సందేహిస్తారు. వినయం వేరు, ఆత్మన్యూనత వేరు. తన సామర్థ్యం అల్లాహ్ ప్రసాదమని గుర్తించి దాన్ని సద్వినియోగం చేయటం వినయం. ఆ ప్రసాదమే లేదనటం కృతఘ్నత. ఏ జాతి అయినా తనలో ఉన్నదాన్ని తాను మార్చుకోనంత వరకు దాని స్థితిని అల్లాహ్ మార్చడని అర్ రఅద్ సూరా (13) 11వ ఆయత్ తెలుపుతోంది. ఆ మార్పుకు మొదటి మెట్టు మన నాలుక మీదే ఉంది.

ఈ నెలలో ప్రతి ఇల్లూ ఒక్క పని చేయాలని మేము కోరుతున్నాం. పిల్లల్ని తక్కువచేసే ఒక్క పేరును ఇంట్లోంచి పూర్తిగా తొలగించండి. ఆ పేరు తప్పని నిరూపించుకునే ఒక్క పని వారి చేతికివ్వండి. అల్లాహ్ మన మాటలను, మన ఇళ్ళను చక్కదిద్దుగాక! ఆమీన్.