సుఖాంతం అడగం

లోకం పాడైపోయాక మిగిలిన మనుషుల కథల్లో ఏం సుఖముందని కొందరు అడుగుతారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వాళ్లు అడగరనుకుంటా. 1981లో శ్రీశైలం జలాశయం కోసం కొల్లాపూర్ వైపు కృష్ణ ఒడ్డున ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. సోమశిల గుడిని విప్పి గట్టు మీద తిరిగి కట్టారు. మనుషులకు అంత శ్రద్ధ దక్కలేదు. 2009 అక్టోబరు వరదలో అలంపురం మునిగింది. సొంతూళ్లో నీళ్లు లేక వలసపోయిన పాలమూరు కూలీ ఊరూరా ఆనకట్టలు కట్టాడు. ఇంతకన్నా భీకరంగా ఎవరు కల్పించగలరు?

ఈ సంచిక చీకటి భవిష్యత్తు కథలది. ప్రచురణ సంస్థల కోసం ఆగని రచయితలంటే నాకు మక్కువ. అణుయుద్ధం తర్వాత మాస్కో మెట్రో సొరంగాల్లో బతికే జనం కథను ద్మిత్రీ గ్లుఖోవ్‌స్కీ 2002లో తానే ఇంటర్నెట్‌లో పెట్టాడు. భూగర్భంలో తరాలు గడిపే మనుషుల 'వూల్'ను హ్యూ హోవీ 2011లో సొంతంగా విడుదల చేశాడు. సొంతంగా బయటపెట్టారు కాబట్టి, ముగింపులో కాస్త ఆశ కలపమనే సంపాదకుడి మాట వీళ్లు వినక్కర్లేదు. (నాలాంటివాడు లేకపోవడమే మేలైంది.) ఇలాంటి పుస్తకాల్లో అచ్చుతప్పులుంటాయి, సాగతీత ఉంటుంది, ఓర్చుకుంటాను. అన్నీ పోయాక ఎవరు విత్తనాలు దాచారు, ఎవరు ఎవరికి నీళ్లిచ్చారు అన్నదే నన్ను చదివిస్తుంది.

2024లో 'కల్కి 2898 ఏడీ' కాశీని చివరి నగరంగా చూపింది. అలాంటి సినిమాకు వందల కోట్లు కావాలి. నల్లమల అంచున బోర్లెండిన ఊరి కథకు నోటుబుక్కు చాలు. రాసి పంపండి, సుఖాంతం చేయమని మేం అడగం.