ఏ గదికి ఏ తలుపు?

ఇల్లు బాగు చేయించుకుందాం అనుకోగానే మన కళ్లు ముందు వంటింటి గట్టు మీదకీ, గచ్చు మీదకీ, గోడల రంగుల మీదకీ వెళ్తాయి. తలుపుల మాట వస్తే సింహద్వారం దగ్గరే ఆగిపోతాం. టేకు చెక్క, దాని మీద నగిషీ, ఇత్తడి పిడి, అన్నిటికీ ధారాళంగా ఖర్చు పెడతాం. లోపలి గదుల దగ్గరికొచ్చేసరికి పర్సు చూసుకుని, "ఏదో ఒకటి పెట్టెయ్యి మేస్త్రీ" అనేస్తాం. సింహద్వారాన్ని చూసి మెచ్చుకునేది వచ్చే పోయే చుట్టాలు. పొద్దున లేచింది మొదలు తీస్తూ, వేస్తూ వేగాల్సింది మాత్రం లోపలి తలుపులతో మనమే కదండీ!

నేనూ ఆ పొరపాటు చేసినదాన్నే. కొన్నేళ్ల కిందట మా ఇల్లు బాగు చేయించినప్పుడు స్నానాలగది తలుపుని రంగూ, దాని మీది పువ్వుల డిజైనూ చూసి కొన్నాను. అది ఎటు తెరుచుకోవాలో ఆలోచించలేదు. మేస్త్రి లోపలికి తెరుచుకునేలా బిగించి వెళ్లిపోయాడు. ఆ వానాకాలంలో ఒక తెల్లవారుజామున మా అత్తగారు లోపల కాలుజారి, సరిగ్గా తలుపు వెనకే పడిపోయారు. లోపల బోల్టు వేసి ఉంది. తలుపు బద్దలు కొడదామంటే అది ఆవిడ మీదే పడుతుంది. నెడదామంటే తల ఎటువైపు ఉందో తెలీదు. "అమ్మాయ్" అంటూ ఆవిడ మూలగడం వినిపిస్తూనే ఉంది, మావారూ నేనూ చేతులు కట్టుకుని బయట నిలబడ్డాం. చివరికి వెంటిలేటరు అద్దాలు ఊడదీసి పక్కింటి కుర్రాణ్ణి లోపలికి దింపితే, అతను బోల్టు తీశాడు. అత్తగారికి తుంటి ఎముక విరిగింది. ఆపరేషనయ్యాక వాకరు పట్టుకుని నడుస్తున్నారు. ఆ వాకరు మళ్లీ ఆ గుమ్మంలో పట్టలేదు! పెట్టిన తలుపూ, దర్వాజా రెండూ తీయించి కొత్తవి పెట్టించాం. ఖర్చు రెండింతలు, బాధ చెప్పలేనంత.

అంచేత ఈ వారం మీకు చెప్పేది ఒక్కటే. తలుపుని కొట్టులో దాని ముఖం చూసి ఎంచుకోకండి. అది పెట్టే గదినీ, ఆ గదిలోకి వెళ్లే మనిషినీ చూసి ఎంచుకోండి.

కొట్టుకి వెళ్లేముందు

ఒక కాగితం, పెన్సిలు తీసుకుని గది గదికీ తిరగండి. ఆ తలుపు మీద నీళ్లు పడతాయా? దాని వెనక ఎవరు పడుకుంటారు, ఎవరు చదువుకుంటారు? తెరిస్తే ఏ గోడకి తగులుతుంది? లైటు స్విచ్చి తలుపు వెనక్కి వెళ్లిపోతుందా? బీరువా తలుపుకీ దీనికీ గొడవ వస్తుందా? ఇవన్నీ రాసుకోండి. సగం తలుపుల ఎంపిక అక్కడే అయిపోతుంది.

వెడల్పు దగ్గర జాగ్రత్త. చాలాచోట్ల గుమ్మం కొలతని దర్వాజా బయటి అంచు నుంచి బయటి అంచుకి చెప్తారు. స్నానాలగదికి రెండున్నర అడుగులు చాలనుకుంటాం. అందులో రెండు పక్కలా రెండున్నర అంగుళాల చొప్పున దర్వాజా చెక్క పోతే మనిషి పట్టే దారి 25 అంగుళాలే. చక్రాల కుర్చీ వెడల్పే 25, 26 అంగుళాలు ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్లుంటే, రేపు మనమూ పెద్దవాళ్లమే కాబట్టి, గోడ వీలిస్తే స్నానాలగదికి కూడా మూడడుగుల గుమ్మం పెట్టించండి. గోడ పగలగొట్టే పని ఎలాగూ జరుగుతున్నప్పుడే అది తేలిక.

పాతవాటిని తొందరపడి పారేయకండి

పాత ఇళ్లలో దర్వాజాలు టేకువో, వేగిసవో, మద్దివో అయి ఉంటాయి. అలాంటి చెక్క ఇప్పుడు కొనాలంటే గుండె గుభేలుమంటుంది. దర్వాజా అడుగున, నేలకి ఆనేచోట, స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా పొడిచి చూడండి. దిగిపోయిందంటే చెదలో, చెమ్మో లోపల తినేసింది. దిగకపోతే ఆ దర్వాజాకి ఇంకా చాలా ఆయుష్షు ఉంది. పాత రంగు గీకించి, పాలిష్ పెట్టించి ఉంచేసుకోండి. పాత రెక్కల తలుపుల్ని కూడా అలాగే బాగు చేయించుకోవచ్చు. పాత ఇళ్లు పడగొట్టినచోట తీసిన తలుపులు, దర్వాజాలు అమ్మేవాళ్లూ ఉంటారు. ఏళ్ల తరబడి ఎండిన చెక్క కాబట్టి ఇక వంకర తిరగడం తక్కువ. కొలతలు మాత్రం పట్టుకెళ్లండి.

ఏ తలుపు దేనికి?

అసలు కర్రతో చేసిన తలుపు అందం అందమే. కానీ చెక్క బాగా ఎండినదై ఉండాలి. పచ్చిచెక్క అయితే ఏడాది తిరక్కుండా వంగుతుంది, అతుకులు విడిపోతాయి. ఎంత మంచి చెక్కయినా వానాకాలంలో కాస్త ఉబ్బుతుంది, ఎండాకాలంలో తగ్గుతుంది. శ్రావణంలో తలుపు పట్టేస్తోందని చిత్రిక ఎక్కువగా పట్టించేస్తే, వేసవిలో ఆ సందులోంచి పక్క గది కనిపిస్తుంది. మరీ పట్టేస్తే తప్ప, వానలు తగ్గేదాకా ఆగండి.

పడగ్గదులకి ఇప్పుడు ఎక్కువమంది పెట్టించేది ఫ్లష్ డోర్లు. వీటిలోనే మోసపోతాం. పైన నున్నని ప్లైవుడ్డు అన్నిటికీ ఒకటే, లోపల ఏముందన్నదే ప్రశ్న. మంచిదాంట్లో చెక్కబద్దలు సందు లేకుండా పేర్చి ఉంటాయి. నాసిరకం దాంట్లో అక్కడక్కడ ముక్కలు, మిగతాదంతా ఖాళీ. వేలి కణుపుతో పైనుంచి కిందిదాకా తట్టుకుంటూ రండి. మోత ఒకేలా ఉండాలి. డొల్లగా మోగితే వద్దు. ఒక పక్క ఎత్తి చూడండి. 7 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 30 మిల్లీమీటర్ల మందం ఉన్న గట్టి తలుపు ఇంచుమించు 30 కిలోలు తూగుతుంది. నాలుగు అంచులా అసలు కర్రబద్ద ఉందేమో చూడండి. ఐ.ఎస్.ఐ. గుర్తు, దాని పక్కన ఐ.ఎస్. 2202 అన్న నంబరు ఉంటే అది గట్టి ఫ్లష్ తలుపుల ప్రమాణం. పిల్లలు చదువుకునే గదికీ, టీవీ ఉన్న గదికీ మధ్య బరువైన తలుపే పెట్టించండి. డొల్ల తలుపు చప్పుడుని ఆపదు.

అచ్చుపోసిన డిజైన్లతో వచ్చే తలుపులు చూడముచ్చటగా ఉంటాయి, ధర కూడా అందుబాటులోనే. పొడిగా ఉండే గదులకి పరవాలేదు. వాటి మీద రోజూ నీళ్లు పడితే మాత్రం ఉబ్బిపోతాయి.

స్నానాలగదికి పి.వి.సి., డబ్ల్యు.పి.సి., ఫైబరు తలుపులు మేలు. నీళ్లకి కుళ్లవు, చెదలు పట్టవు. పి.వి.సి. చవకే గానీ తేలిక, కొన్నాళ్లకి బందుల దగ్గర స్క్రూలు వదులై వాలిపోతుంది. డబ్ల్యు.పి.సి. అంటే చెక్కపొడీ ప్లాస్టిక్కూ కలిపి చేసినది, దానికి స్క్రూలు బాగా పట్టుకుంటాయి. మన అమ్మల కాలంలో చెక్కతలుపుకి లోపలివైపు అల్యూమినియం రేకు కొట్టించేవారు. మేకుల రంధ్రాల్లోంచి నీళ్లు రేకు వెనక్కి వెళ్లి, పైకి బాగానే కనిపిస్తూ లోపల చెక్క పుచ్చిపోయేది.

పూజగదికి ప్లాస్టిక్ తలుపు వద్దు. దీపం వేడి, అగరొత్తుల నిప్పు ఎప్పుడూ దగ్గరే ఉంటాయి. గాలాడేలా రంధ్రాలున్న కర్రతలుపు, గంటలున్నా లేకపోయినా, అదే మంచిది. వంటింటికి చెక్కడాలున్న తలుపు పెట్టుకుంటే ఆ సందుల్లో చేరిన నూనెజిడ్డుని గోకలేక చస్తాం. నున్నగా ఉండి, తడిగుడ్డతో తుడిస్తే పోయేది తీసుకోండి.

స్నానాలగది తలుపు బయటికే

బయట చోటుంటే స్నానాలగది తలుపు బయటికి తెరుచుకునేలా పెట్టించండి. వసారా ఇరుకై, నడిచేవాళ్లకి తగులుతుందనుకుంటే పక్కకి జరిగే తలుపు పెట్టించుకోవచ్చు. లోపల మామూలు బోల్టుకి బదులు, అవసరమైతే బయటినుంచి నాణెంతోనో, స్క్రూడ్రైవరుతోనో తిప్పి తీయగలిగే గడియ దొరుకుతుంది. అది అడిగి తీసుకోండి. చిన్నపిల్లలున్న ఇంట్లో అన్ని గదుల బోల్టులూ వాళ్లకి అందనంత ఎత్తులో ఉండాలి. లోపలికెళ్లి గడియ వేసుకుని, తీయడం రాక ఏడ్చే పసివాళ్ల కథ ప్రతి వీధిలోనూ ఒకటుంటుంది.

మేస్త్రి పని చేస్తున్నప్పుడు

గచ్చు పని అయ్యాకే తలుపుల కొలత తీయించండి. పాత గచ్చు మీదే కొత్త టైల్సు పరిస్తే నేల దాదాపు అంగుళం పైకి లేస్తుంది. అప్పుడు కొత్త తలుపుని కింద కోయాల్సి వస్తుంది. ఫ్లష్ డోరుని ఎక్కువ కోస్తే కింది కర్రబద్ద పోయి లోపలి బద్దలు బయటపడతాయి. గచ్చు తుడిచిన తడి రోజూ అక్కడే ఎక్కుతుంది.

తలుపుకి రెండు ముఖాలే కాదు, నాలుగు అంచులూ ఉన్నాయి. బిగించాక పైఅంచూ, కిందిఅంచూ ఎవరికీ కనబడవని రంగు వేయరు. చెమ్మ ముందు ఎక్కేది వాటిలోంచే. బిగించకముందే తలుపుని పడుకోబెట్టి నాలుగు అంచులకీ ప్రైమరు, రంగు వేయించండి. కోసిన ప్రతిసారీ మళ్లీ వేయించండి.

బరువు తలుపుకి రెండు బందులు చాలవు, మూడుండాలి. స్నానాలగదికి తుప్పు పట్టని స్టీలువి తీసుకోండి. స్క్రూలని కొందరు తొందరలో సుత్తితో కొట్టేసి, చివర ఒక్క తిప్పు తిప్పి వదిలేస్తారు. అలా కొట్టిన స్క్రూ చెక్కని పట్టుకోదు. కాఫీ ఇచ్చే నెపంతోనైనా అక్కడే నిలబడి, "అన్నీ తిప్పే బిగించు బాబూ" అని చెప్పండి. మొహమాటపడకండి. రేపు తలుపు వాలితే రోజూ ఎత్తి వేసుకోవాల్సింది మనమే.

డబ్బు చాలకపోతే అన్ని తలుపులూ ఒకేసారి మార్చాలని లేదు. ముందు స్నానాలగదిది మార్చండి, తర్వాత పెద్దవాళ్ల గదిది. సింహద్వారం నగిషీ ఒక ఏడాది ఆగినా చుట్టాలు ఏమీ అనుకోరు.

మా అత్తగారి స్నానాలగది తలుపు ఇప్పుడు వట్టి తెల్లరంగు. పువ్వుల్లేవు, డిజైనూ లేదు. వాకరుతో సహా నిటారుగా లోపలికెళ్లి, ఆవిడే తలుపు దగ్గరికి వేసుకుంటారు. "ఈ తలుపు ముందే పెట్టించి ఉంటే బాగుండేదే అమ్మాయ్" అని ఆవిడ ఒక్కసారి కూడా అనలేదు. ఆవిడ అనకపోయినా నాకు రోజూ అనిపిస్తూనే ఉంటుంది.

ఈ సాయంత్రం పని అయ్యాక మీ స్నానాలగది తలుపు ముందు ఒక్క నిమిషం నిలబడండి. లోపల ఎవరైనా పడిపోతే దీన్ని ఎలా తీస్తాను అని ఆలోచించండి. జవాబు తోచకపోతే, మీ ఇంట్లో మార్చాల్సిన మొదటి తలుపు అదే.