మిగులు తుపాకులు – కొత్త వినోదము

యుద్ధము ముగిసిన పిదప సిపాయి యింటికి పోవును. అతని చేతి తుపాకి యెచ్చటికి పోవును? ఈ ప్రశ్నను మనము వేసికొన్నట్లు కనబడదు. అమెరికా, కెనడా దేశములవారు వేసికొని తమకు తోచిన యుత్తరము చెప్పుకొనిరి. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన తరువాత, 1950, 1960 దశకములలో, ఇంగ్లాండు, జర్మనీ, ఇటలీ సైన్యముల పాత రైఫిళ్లు లక్షలకొలదిగా అచ్చటి బజారునకు వచ్చి మిక్కిలి చౌకగా అమ్ముడుపోయినవి. కొన్నవారు వానిని తమ యింటి కొట్టములో రంపముక్రింద పెట్టిరి. ముందరి కొయ్యను కోసి, గొట్టమును కురుచచేసి, బాయొనెట్టు తగిలించు ముక్కును ఊడబెరికి, సైన్యపు గురిపలకను పారవైచి, పైన రంధ్రములు తొలిచి దుర్భిణి బిగించి, దానిని లేళ్ల వేటకు అనువగు ఆయుధముగా మార్చుకొనిరి. ఈ పనికే అచ్చట 'స్పోర్టరైజు' చేయుట యని పేరు. బర్మింగ్‌హాములో పార్కర్-హేల్ వంటి వ్యాపారులు దీనినే పెద్దయెత్తున నడపిరి.

ఇప్పుడా వినోదము సెల్‌ఫోను తెరమీదుగా మెదకు పట్టణమునకును వచ్చినది. పై తరగతుల పిల్లలు ఎన్‌ఫీల్డు రైఫిలు భాగముల పేళ్లు తడుముకొనక చెప్పగలరు. భాగవతమును తెనిగించినదెవరన్నచో మాత్రము తల గోకికొందురు. పిల్లలతో నాకు తగవు లేదు. వారి తండ్రులలో కొందరు, చదివినవారు, ఉద్యోగస్థులు, "ఇది చేతిపని కదా, చరిత్రాభిమానము కదా, ఇట్టి స్వేచ్ఛ మన దేశములో నేల లేదు?" అని వాదించుచున్నారు. వారికే నా సమాధానము. పాత యుద్ధపు తుపాకి యొక దస్తావేజు. దస్తావేజును కత్తిరించి గాలిపటము చేసికొనుట తప్పు. పొయ్యిలో పెట్టుటయు తప్పే.

ముందు స్వేచ్ఛమాట చూతము. లిట్టను కాలమున 1878లో పుట్టిన ఆయుధముల చట్టము తెల్లవారిని విడిచిపెట్టి మనవారిని మాత్రము కట్టివేసినది. ఆ యవమానమును నాటి విద్యావంతులు మరువలేదు. అహింసావ్రతుడైన గాంధీమహాత్ముడు సైతము 1918లో ఖేడాజిల్లాలో దానిని తీవ్రముగా నిరసించెను. ఆ కోపము న్యాయమైనది. కాని జాతికి జరిగిన యవమానమును చూపి, ఒక గృహస్థుడు తన కొట్టములో వేట తుపాకి చెక్కుకొను హక్కు నడుగుట, తాతగారి తద్దినము పేరు చెప్పి తాను బూరెలు తినుటవంటిది. స్వతంత్ర భారతపు 1959 నాటి చట్టము ఆయుధమును తయారుచేయుటకే కాదు, మార్చుటకును బాగుచేయుటకును అనుమతిపత్రము కావలెనన్నది. సైన్యము వాడు కొలతల తుపాకులను సామాన్యులకు నిషేధించినది. 2019 సవరణతో ఒకని వద్ద ఉండదగిన తుపాకులు మూడునుండి రెండునకు దిగినవి. ఇది పిరికితనమని మిత్రులందురు. స్వేచ్ఛకు పుట్టినిల్లని వారు చెప్పు దేశములోనే 1963 నవంబరు 22న అధ్యక్షుడు కెన్నెడీ కూలెను. ఆ గుండు వెడలినది తపాలాలో తెప్పించుకొన్న ఇటలీ సైన్యపు పాత తుపాకినుండి. దానిపై దుర్భిణి బిగింపబడియున్నది. 1968లో ఆ దేశమే తపాలా యమ్మకమును నిషేధించి, మిగులు తుపాకుల దిగుమతిని అరికట్టినది. ఈ దిగుమతి నిషేధమును 1980 దశకమున సడలించిరి. మనము మెచ్చుకొను వినోదమునకు అచ్చటనే ఇంత చరిత్ర యున్నది.

ఇక నసలు విషయమునకు వత్తము. కలకత్తా చేరువను హుగ్లీ యొడ్డున ఈశాపురము రైఫిలు కర్మాగారము గలదు. ఇంగ్లీషువారి .303 ఎన్‌ఫీల్డు రైఫిలు అచ్చట దశాబ్దములు తయారైనది. దాని మడమ కలియుచోట నున్న ఇనుప పట్టీమీద కర్మాగారపు ముద్ర, రకము, సంవత్సరము చెక్కియుండును. స్వాతంత్ర్యమునకు ముందు బ్రిటిషు కిరీటముండినచోట తరువాత అశోకుని సింహములు వెలసినవి. ఒక రాజ్యము పోయి వేరొక రాజ్యము వచ్చుట అంగుళము వెడల్పు ఇనుముమీద చదువుకొనవచ్చును. మన యెండలకు, వానలకు కొయ్య పగులకుండుటకై అడ్డముగా నొక మర బిగించిరి. ఇంగ్లాండు తుపాకులలో నది కానరాదు. చెక్కువాడు ఆ మరను వికారమని తీసి పారవేయును. ముద్రను ఆకురాయితో రాచి నునుపు చేయును.

1962 చైనా యుద్ధము తరువాత ఈశాపురమువారే ఆ పాత నమూనాను గట్టి యుక్కుతో, 7.62 మిల్లీమీటర్ల తూటాకు సరిపడునట్లు మార్చిరి. పది తూటాల పెట్టెకు బదులు పండ్రెండు తూటాల పెట్టె వచ్చినది. 1965లో గురిపలకపై రెండువేల మీటర్ల గీత పోయి ఎనిమిదివందల గీత నిలిచినది. కంగారులో, కొరతలో, మన పనివాండ్రు తమ బుద్ధితో చేసికొన్న యాయుధమది. సైన్యమునకు అక్కరలేకపోయిన పిదప ఆ తుపాకులనేకములు అమెరికాకు మిగులు సరకుగా పోయినవి. అచ్చటి వర్తకులు కొందరు వాని గొట్టము కోసి, ముందు గరాటు తగిలించి, ఇంగ్లీషువారి 'జంగిల్ కార్బైను' వలె కనబడునట్లు చేసి అమ్మిరి. మన సిపాయి తుపాకి తెల్లవాని వేషము వేసికొని పరదేశపు బజారులో నిలబడినది! దీనిని చరిత్రాభిమాన మనువారు మరొకసారి యాలోచింతురు గాక.

మార్పు చేసినవారందరు వినోదమునకే చేసిరని కాదు. బ్రిటిషు ప్రభుత్వపు కాలమున ఈశాపురములో .303 రైఫిళ్లు కొన్నింటి గొట్టములను లోపల నునుపుగా తొలిచి .410 కొలతకు మార్చిరి. తూటాల పెట్టెచోట కొయ్యముక్క దిగగొట్టి, ఒక్కసారి కొక్క తూటాయే పెట్టునట్లు చేసిరి. వీనిని జైలు కావలివారికి, పోలీసులకు ఇచ్చిరి. ఆ తుపాకి తిరుగబడినవారి చేత చిక్కినను సైన్యపు తూటా దానిలో పనిచేయరాదని వారి జాగ్రత్త. తన జీతము తిను కావలివానినే ప్రభుత్వము నమ్మలేదని చెప్పుటకు ఇంతకన్న సాక్ష్యమేమి కావలెను? పరిపాలనా నివేదికలు వేయి చదివినను తెలియని సంగతి ఆ కొయ్యముక్క చెప్పుచున్నది. దానిని తీసివేసి మరల 'అసలు' .303గా చేయుదునని బయలుదేరు నుద్ధారకుడు కూడ నాకు చెక్కువాని తమ్మునివలెనే కనబడును.

ఏలయన జీర్ణోద్ధారణమునందును రెండు జాతులున్నవి. తాళపత్రప్రతిని పరిష్కరించు పండితుడు పురుగు తిన్నచోట ఖాళీ విడుచును. తనకు తోచిన పద్యపాదమును చొప్పించువాడు పండితుడు కాడు. వెయ్యేండ్ల స్తంభములకు నూనెరంగు పూయించి శిలాఫలకముమీద తన పేరు చెక్కించుకొను ధర్మకర్తను మనమెరుగుదుము. తుపాకి విషయమునను అంతే. త్రుప్పును మెల్లగా తుడిచి, కొయ్యకు అవిసెనూనె పట్టించి, భాగములమీది అంకెలు ఒకదానితో నొకటి కలియుచున్నవో లేదో చూచి, కలియనిచో ఏల కలియవో విచారించువాని యోర్పునకు నేను నమస్కరింతును. ఆ యోర్పు మన చదువుకొన్న కుటుంబములకు మిక్కిలి యవసరము. ఇంటిలో కుర్చీకాలు విరిగిన వడ్రంగికొరకు వారము రోజులు ఎదురుచూచుటయే మన నాగరకత కదా. దానిని నేర్చుటకు తుపాకియే యక్కరలేదు. పాత గడియారము, కుట్టుయంత్రము, తాతగారి హార్మోనియము చాలును. ఇనుముమీద నింకను మక్కువగలవాడు ఐటీఐలో చేరవచ్చును. మా జిల్లా పేరు మోసిన యుద్ధవాహనముల కర్మాగారము 1984 నుండి యెద్దుమైలారములో పనిచేయుచునే యున్నది. జిల్లాల విభజనలో ఆ యూరు సంగారెడ్డికి పోయినను పేరు మాత్రము మెదకుదే.

వేటమాట వదలరాదు. 'స్పోర్టు' అను ముద్దుపేరు వెనుక నున్నది మృగయ. మనువు దానిని రాజుల వ్యసనములలో చేర్చెను. మెదకునకు పదునైదు కిలోమీటర్ల దూరముననున్న పోచారమడవి నిజాము ప్రభువుల వేటపట్టుగా నుండి, 1952లో అభయారణ్యమైనది. 1972 వన్యప్రాణి చట్టముతో వేటకు గట్టి కట్టుబాట్లు వచ్చినవి. నేడచ్చట దుప్పి నీళ్లు త్రాగుటకు వచ్చినప్పుడు పిల్లలు ఊపిరి బిగబట్టి చూచుచున్నారు. అడవిపందులు పంట తినుచున్నవని రైతు మొరపెట్టుకొనుట నిజమే. ఆ మొర వినవలసినది ప్రభుత్వము, ఆదివారపు వినోదకాండ్రు కారు.

ఇంతవరకు చదివి, అహింసావాదులైన మిత్రులు సంతసించి, "అట్లయిన నన్నింటిని కొలిమిలో వేయుదము" అందురు. వారితోను నాకు పొత్తు కుదరదు. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 జనవరి 26న .303కు కడపటి కవాతుతో వీడ్కోలు చెప్పిరి. ప్రజలను కాల్చినదియు, ప్రజలను కాచినదియు ఆ తుపాకియే. 1946 మొదలు 1951 వరకు తెలంగాణములో రైతులు వడిసెలలతో, కర్రలతో మొదలిడి, తరువాత పట్టుకొన్న తుపాకులతో పోరాడిరి. 1948లో సిడ్నీ కాటనను ఆస్ట్రేలియా వైమానికుడు దొంగచాటుగా విమానములమీద నిజామునకు ఆయుధములు చేరవేసెను. ఆ సెప్టెంబరులో భారతసైన్యము వచ్చినది. ఈ కథను మేము బడిలో సంవత్సరముల పట్టికగా చెప్పుచున్నాము. ఆ కాలపు తుపాకిని నాలుగడుగుల దూరమునుండి చూచి, దాని నాలుగు కిలోల బరువును ఊహించుకొని, ఒక పాలేరు దానిని భుజాన వేసికొని రాత్రి యెన్ని క్రోసులు నడచెనో యడుగు నవకాశము మా పిల్లలకు లేదు.

దీనికి చట్టమడ్డు రాదు. 1959 చట్టపు 45వ విభాగమే, బాగుచేసినను ప్రేలజాలని పాత యాయుధములకు ఆ చట్టము వర్తింపదని చెప్పుచున్నది. అధికారులే గొట్టములో ఉక్కుకడ్డీ దించి, బోల్టును కదలకుండ వెల్డింగు చేయించి, ముద్రలను మాత్రము ముట్టక, జిల్లా కొక్కటి రెండు తుపాకులను గాజు పెట్టెలలో నిలుపవచ్చును. మెదకు కోటమీద ఫిరంగి యట్లే పడియున్నది. దానిని కోసి రోకలి చేసికొందమని యెవరు నడుగలేదు, కరగింపుమని యెవరు నర్జీ పెట్టలేదు. పాండవులు జమ్మిచెట్టుమీద దాచిన యాయుధములను తలచుకొని మనము ఆకులు పంచుకొనుచున్నాము. దసరానాడు పోలీసు ఠాణాలలో తుపాకులకు కుంకుమ పెట్టి దండ వేయుచున్నారు. ఆ పూజ ముగిసిన తరువాత బడిపిల్లలను లోపలికి పిలిచి, కుంకుమ తుడిచి, ఆ యినుప పట్టీమీది అక్షరములను వారిచేత చదివింపుడని మా జిల్లా యధికారులను అడుగుచున్నాను. ఏ సంవత్సరమున పుట్టినదో, కిరీటమున్నదో సింహములున్నవో పిల్లలే చెప్పుదురు.